చేపయు, వెన్నయు, ఉపవాసమును



ఉపవాసము మనకు క్రొత్త మాట కాదు. ఏకాదశినాడు అన్నము ముట్టని అవ్వలును, శివరాత్రినాడు జాగరముండు తాతలును, కార్తిక సోమవారమున చుక్కను చూచిన పిదపగాని విస్తరియొద్ద కూర్చుండని ఇల్లాండ్రును, రంజాను నెలలో ప్రొద్దు క్రుంకువరకు గ్రుక్కెడు నీరైన త్రాగని మహమ్మదీయులును మన గ్రామములలో కలరు. అట్లే కతోలిక క్రైస్తవులు కాపురముండు పల్లెలలో విభూది బుధవారము మొదలు ఈస్టరు పండుగవరకు తపస్సుకాలము నడచును. ఆ దినములలో శుక్రవారమునాడు వారి యిండ్లలో మాంసము వండరు. చేప వండినచో తప్పులేదు.

ఈ చేపను గూర్చియే నేడు కొంత చెప్పదలచితిని. మాంసము మానినవారు చేపను తినవచ్చునా? చేప మాంసము కాదా? అని అడుగువారు అన్ని దేశములలోను కలరు. ఐరోపా, అమెరికా ఖండములలో దీనికి సమాధానముగా ఒక కథ వ్యాపించియున్నది. ఒకానొక కాలమున చేపలు అమ్ముడుపోక బెస్తలు కష్టపడుచుండగా, వారిని ఆదుకొనుటకై రోమాపురి పోపుగారు శుక్రవారము చేపనే తినవలెనని శాసించిరట! ఈ కథ చెప్పి నవ్వువారు పలువురు. కథ నిజము కాదు. అయినను ఇందులో నిజపు ముక్క యొకటి లేకపోలేదు. అది కథకులు తలచిన చోట మాత్రము లేదు. పొరుగువాని నోమును ఎగతాళి చేయుట సులభము. దాని మూలమును విచారించుటకు ఓపిక కావలెను. ఆ ఓపిక మీకు కలదని నమ్మి మొదలిడుచున్నాను.

క్రైస్తవ మతము పుట్టిన తొలినాళ్ల గ్రంథములలో డిడాఖే అనునది యొకటి. అది చిన్న పుస్తకము. ఉపదేశమని దాని పేరునకర్థము. యూదులలోని భక్తులు సోమ గురువారములందు ఉపవసించుచుండగా, క్రైస్తవులు బుధ శుక్రవారములందు ఉపవసింపవలెనని అందు చెప్పబడినది. యేసు శిష్యునిచే పట్టుబడుటకు ఒడంబడిక జరిగిన దినము బుధవారమనియు, సిలువపై మరణించిన దినము శుక్రవారమనియు వారి సంప్రదాయము. కనుక శుక్రవారపు నియమము దుఃఖదిన స్మరణమునుండి పుట్టినదేగాని, చేపల బేరమునుండి పుట్టినది కాదు. మన యిండ్లలో పితరుల తిథినాడు కొన్ని పదార్థములు వర్జించుట యెట్టిదో అదియు అట్టిది.

ఈస్టరుకు ముందటి ఉపవాసము మొదట చాల చిన్నది. రెండవ శతాబ్దపు చివరను ఇరేనియసు అను బిషపుగారు వ్రాసిన లేఖనుబట్టి చూడగా, కొందరు ఒక దినము, కొందరు రెండు దినములు, కొందరు నలువది గంటలు ఉపవసించుచుండిరి. క్రమముగా అది నలువది దినములైనది. 325వ సంవత్సరమున నైసియాలో కూడిన మహాసభవారి నిబంధనలలో ఈ నలువది దినముల మాట కానవచ్చును. మోషే కొండమీద నలువది దినములును, ఏలియా ప్రవక్త ప్రయాణములో నలువది దినములును, యేసు అరణ్యములో నలువది దినములును నిరాహారులై యుండిరను కథలే ఈ సంఖ్యకు ఆధారము. ఆదివారము పండుగ దినమగుటచే ఆనాడు ఉపవాసము లేదు. పాశ్చాత్యులు ఆరు వారములు పాటించి, ఆదివారములను తీసివేయగా ముప్పదియారు దినములే మిగిలినవి. ఏడాదిలో పదియవ భాగమును దేవునికి దశమభాగముగా చెల్లించుచున్నామని ఆరవ శతాబ్దపు చివర పోపుగానుండిన గ్రెగొరీ మహాశయుడు దానికి అర్థము చెప్పెను. పిదప నలువది పూర్తి యగుటకై ముందు నాలుగు దినములు చేర్చిరి. అందుచేతనే తపస్సుకాలము బుధవారమున మొదలగుచున్నది.

ఆ కాలపు ఉపవాసమనగా ఏమి? మన పల్లెలలో ఒక్కపొద్దు అని దేనిని అందుమో అదియే. దినమునకొక్క భోజనము, అదియు ప్రొద్దు క్రుంకిన తరువాత. ఇది సామాన్య నియమము. ఆ భోజనములో ఏమి తినవలెనన్నదానిలో భేదములు పెక్కు. అయిదవ శతాబ్దమున సోక్రటీసు అను చరిత్రకారుడొకడు కాన్‌స్టాంటినోపులు నగరమున నుండెను. ఇతడు గ్రీకు తత్త్వవేత్తయగు సోక్రటీసు కాడు, చాల తరువాతివాడు. తన కాలమున కొందరు ప్రాణమున్నదేదియు ముట్టరనియు, కొందరు చేపలు మాత్రము తిందురనియు, కొందరు చేపలతోపాటు పక్షులను గూడ తిందురనియు, కొందరు పండ్లను గ్రుడ్లను సైతము మానుదురనియు, మరికొందరు వట్టి రొట్టెతో గడుపుదురనియు అతడు వ్రాసెను. ఈ విషయమై వ్రాతమూలకమైన ఆజ్ఞ యెవరియొద్దను లేదు గనుక, అపొస్తలులు దీనిని ఎవరి యిష్టమునకు వారికి విడిచిరని అతని అభిప్రాయము. చూచితిరా! చేపను తినువారు, చేపను మానువారు కూడ ఆనాడే యుండిరి. ఏ పోపుగారును బెస్తలకొరకు శాసనము చేయవలసిన పని లేకపోయినది.

కాలము గడచినకొలది నియమములు బిగిసినవి. జంతుమాంసము నిషిద్ధమైన పిదప, ఆ జంతువునుండి వచ్చునవియు నిషిద్ధములైనవి. పాలు, జున్ను, వెన్న, గ్రుడ్లు వరుసగా తపస్సుకాలమున పళ్లెరమునుండి తొలగినవి. 692వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపులులో జరిగిన సభ గ్రుడ్లను, జున్నును ఆ దినములలో తినరాదని నిర్ణయించెను. తూర్పుదేశపు సంఘములలో వెన్నెముకగల చేపను గూడ అనేకులు మానుదురు. పశ్చిమమున చేప నిలిచిపోయినది.

చేప ఏల నిలిచినది? దీనికి రెండు కారణములు చెప్పవచ్చును. మొదటిది మాటనుబట్టి. లాటిను భాషలో వారు నిషేధించిన పదార్థమునకు కారో అని పేరు. ఆ మాటకు వారి వాడుకలో నేలమీద తిరుగు వేడినెత్తురుగల జంతువుల మాంసమనియే అర్థము. చేప దానిలో చేరదు. రెండవది వైద్యమునుబట్టి. మన పెద్దలు ఇది వేడి చేయును, ఇది చలువ చేయును అని ఆహారమును విభజించినట్లే, గ్రీకు వైద్యమును అనుసరించిన ఐరోపావారును విభజించిరి. మాంసము వేడిని పుట్టించి శరీరకాంక్షలను రేపుననియు, నీటిలో పుట్టిన చేప చల్లనిదై వాటిని అణచుననియు వారి నమ్మకము. పదుమూడవ శతాబ్దపు మహాపండితుడగు థామస్ అక్వినాసు కూడ మాంసము, గ్రుడ్లు, పాలపదార్థములు మిక్కిలి రుచిని ఇచ్చుననియు, శరీరమున కామబీజమును పెంచుననియు కారణము చూపెను. పథ్యము చెప్పు మన వైద్యునకు ఈ మాట వింతగా తోచదు.

ఇక భోజనవేళ సంగతి వినుడు. సూర్యాస్తమయమునకు తినవలసిన ఒక్కపొద్దు క్రమముగా ముందునకు జరిగినది. తొలుత అది తొమ్మిదవ ఘడియకు వచ్చినది. రోమనుల లెక్కలో ప్రొద్దుపొడుపునుండి తొమ్మిదవ గంట, అనగా మన పగలు మూడు గంటలు. దానికి నోనా అని పేరు. ఆ వేళ ప్రార్థన చేసి తినవలెను. ఆకలికి ఓర్వలేనివారు ప్రార్థననే ముందునకు జరిపిరి. ప్రార్థనతోపాటు భోజనమును జరిగినది. పదునాలుగవ శతాబ్దమునాటికి అది మిట్టమధ్యాహ్నమునకు చేరెను. నేడు ఆంగ్లేయులు మధ్యాహ్నమును నూన్ అందురు. ఆ మాట ఈ నోనాయే! మూడు గంటల పేరు పండ్రెండు గంటలకు అంటుకొనినది. భాషలో దాగియున్న యీ చిన్న గురుతు, మానవుని ఆకలికిని నియమమునకును జరిగిన దీర్ఘకాలపు పెనుగులాటకు సాక్ష్యము.

మధ్యాహ్నమే తినివేసినచో రాత్రి నిద్ర పట్టుటెట్లు? మఠములలో సాయంకాలమున కాసియను అను తపస్వి రచించిన సంభాషణల గ్రంథమును చదువుట ఆచారము. ఆ గ్రంథమునకు లాటినున కొల్లాసియో అనునది పేరు. చదువు ముగిసిన పిదప పగలెల్ల పనిచేసిన సన్న్యాసులకు కొంచెము పానీయము ఇచ్చుచుండిరి. పానీయముతో ఒక రొట్టెముక్క చేరినది. ఆ ఉపాహారమునకు గ్రంథము పేరే నిలిచినది. ఒక్కపొద్దు ఉండువారు మన యిండ్లలో రాత్రి ఫలహారము చేయుట లేదా? ఫలాహారమని పేరుపెట్టి ఉప్మా తినుట మనము చూచుచునే యున్నాము. ఎవరిని ఎవరు నవ్వవలెను?

గ్రుడ్లు తినరాదన్నంతమాత్రమున కోళ్లు గ్రుడ్లు పెట్టుట మానవు గదా. తపస్సుకాలమునకు ముందటి మంగళవారమున ఇంటనున్న గ్రుడ్లను, వెన్నను, పాలను కూర్చి ఆంగ్లేయులు అట్లు పోసికొని తినెడివారు. ఫ్రెంచివారు ఆ దినమునకు క్రొవ్వు మంగళవారమని పేరు పెట్టిరి. పిదప నలువది దినములు ప్రోగుపడిన గ్రుడ్లు ఈస్టరునాటికి ప్రతి యింటను బుట్టలకొలది యుండెను. వాటిని ఉడుకబెట్టి, రంగులద్ది పిల్లలకు పంచుట వేడుకైనది. ఉపవాసమునకు ముందు జరుగు ఉత్సవమునకు కార్నివాల్ అని పేరు. ఇది మాంసమా, సెలవు అను లాటిను మాటలనుండి పుట్టినదని పలువురు చెప్పుదురు. వినుటకు ఇంపుగనే యున్నది కాని, మాంసమును తొలగించుట అను అర్థముగల పాత ఇటలీ మాటనుండి అది వచ్చినదని భాషావేత్తలు నిర్ణయించిరి. ఇంపైన వ్యుత్పత్తులన్నియు నిజములు కావని మన పండితులకు తెలియనిది కాదు.

ఇంతవరకు వేడుక. ఇక వేదన గలదు. ఇటలీ, స్పెయిను దేశములలో ఆలివు చెట్లు విరివిగ పెరుగును. అచ్చటివారు నూనెతో వండుకొందురు. వారికి వెన్న మానుట కష్టము కాదు. ఉత్తరమున జర్మనీ, ఫ్రాన్సు ఉత్తరభాగములలో ఆలివు పండదు. అచ్చటి బీదవానికి వెన్నయే నూనె. దక్షిణమునుండి వచ్చు నూనెకు ధర హెచ్చు, వాసన చెడు. నియమము చేసినవారు నూనె పండు దేశమున నుండిరి. పాటింపవలసినవాడు మంచు దేశమున నుండెను. కనుక విడుదల కోరి అర్జీలు వెళ్లినవి. విడుదల దొరకినది, కాని దానికి వెల యుండెను. 1491వ సంవత్సరమున ఎనిమిదవ ఇన్నొసెంటు పోపుగారు జర్మనీలోని సాక్సనీ దేశమువారికి తపస్సుకాలమున వెన్న వాడుటకు అనుజ్ఞాపత్రమునిచ్చిరి. దానికి బదులుగా వారు దేవాలయ నిర్మాణమునకు ధనము చెల్లింపవలసియుండెను. ఫ్రాన్సులోని రువాను నగరపు మహాదేవాలయమునకు ఎత్తైన గోపురమొకటి 1485 ప్రాంతమున మొదలై 1506లో పూర్తియైనది. దానిని నేటికిని వెన్నగోపురమనియే పిలుతురు. వెన్న తినుటకు అనుజ్ఞ పొందినవారిచ్చిన సొమ్ముతో అది లేచినదని ప్రసిద్ధి.

పెద్దలారా, ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. వెన్న తినుట పాపమైనచో సొమ్మిచ్చినంతమాత్రమున అది పుణ్యమెట్లగును? పాపము కానిచో సొమ్మేల? ఈ ప్రశ్నను ఆనాడు సామాన్యులే అడిగిరి. 1520లో మార్టిన్ లూథరు జర్మను ప్రభువులకు వ్రాసిన విజ్ఞప్తిలో ఈ వెన్న అనుజ్ఞల అమ్మకమును తీవ్రముగా ఖండించెను. రోమునందలివారు తాము ఉపవాసమును లెక్కచేయక, తమ జోళ్లకైనను పూయని నూనెను మనచే తినిపించుచున్నారని అతని మొర. మరి రెండేండ్లకు, 1522 మార్చి 9వ తేదీన, స్విట్జర్లాండులోని జూరిచ్చి పట్టణమున ఫ్రోషౌవరు అను ముద్రాపకుని యింట, తపస్సుకాలపు మొదటి ఆదివారమున, కొందరు కూడి మాంసపు కుడుములు తినిరి. ముద్రణాలయమున పని మిక్కుటముగా నుండెననియు, పనివారికి బలము కావలెననియు యజమాని చెప్పుకొనెను. అప్పుడు అచ్చటనున్న మతగురువు జ్వింగ్లీ తాను తినలేదు. కాని తినినవారి పక్షమున ప్రసంగము చేసి దానిని అచ్చువేయించెను. స్విస్ దేశపు మతసంస్కరణమునకు అది నాంది యైనది. ఒక పిడికెడు కుడుములు ఒక దేశపు చరిత్రను మలుపు త్రిప్పినవి. కుడుములకు ఆ బలము లేదు. చాలకాలముగా అణగియున్న అన్యాయపు తలంపుకే ఆ బలము.

నియమము భయముచేత నిలిచిన కాలమును కలదు. ఎనిమిదవ శతాబ్దపు చివర షార్లమేను చక్రవర్తి జయించిన సాక్సనులకు విధించిన శాసనములో, క్రైస్తవ ధర్మమును ధిక్కరించి తపస్సుకాలమున మాంసము తినినవానికి మరణదండన వ్రాయబడెను. అవసరముచేత తినెనేమో గురువు విచారింపవలెనను మినహాయింపు మాత్రముండెను. కత్తికి భయపడి మానిన మాంసము త్యాగమగునా యని మీరే నిర్ణయింపుడు.

భయము, ధనము గాక మూడవ దారియొకటి కలదు, అది యుక్తి. తినదలచినదానికి చేపయని పేరు పెట్టుట! ఐర్లండు సముద్రతీరమున శీతకాలమునందు బార్నకిలు బాతులు గుంపులుగా దిగును. వాటి గూళ్లను, పిల్లలను ఆ దేశమువారెవరును చూచినది లేదు. నీటిలో నానిన కొయ్యదుంగలకు అంటుకొని పెరుగు నత్తవంటి గుల్లలలో ఈకలవంటివి కనబడుచుండెను. కావున ఈ బాతులు కొయ్యనుండియే పుట్టునని జనులు నమ్మిరి. 1188 ప్రాంతమున వేల్సుదేశపు గెరాల్డు అను గురువు ఐర్లండును గూర్చి వ్రాసిన గ్రంథమున, అచ్చట కొందరు మతగురువులు ఇవి మాంసమునుండి పుట్టినవి కావని చెప్పి ఉపవాసదినములలో తినుచున్నారని నిందించెను. రెండవ ఫ్రెడరికు చక్రవర్తి ఆ గుల్లలను తెప్పించి పరీక్షించి, వాటిలో పక్షి రూపమేమియు లేదని తేల్చెను. ఆల్బర్టు మహాపండితుడు ఈ బాతులు జతకట్టి గ్రుడ్లు పెట్టుటను తాను చూచితినని వ్రాసెను. అయినను నమ్మకము శతాబ్దములు బ్రతికినది. ఆ జాతి బాతులు గ్రుడ్లు పెట్టు చోటు ఉత్తరధ్రువ ప్రాంతమని 1596లో అటు నౌకాయానము చేసిన డచ్చివారి వలన లోకమునకు తెలియవచ్చెను. అవి పొదుగుటకై ఎవరును చేరని మంచుదేశమునకు పోవుచుండెను. పాపము, వాటి తప్పేమియు లేదు.

నీటిలో నుండు బీవరు అను జంతువు తోక పొలుసులతో చేపవలె నుండును గనుక దానిని తినవచ్చునని ఉత్తరదేశములలో వాడుక కలిగెను. దక్షిణ అమెరికాలోని వెనిజులా దేశమున కాపిబారా అను పెద్ద యెలుకజాతి జంతువు నీటిలో ఈదును. దాని మాంసమును తపస్సుకాలమున తినుట నేటికిని అచ్చట ఆచారము. ఇక చాకలేటు కథ మరింత చమత్కారమైనది. పానీయము ఉపవాసమును భంగపరుపదని అక్వినాసు కాలమునుండియు నున్న సూత్రము. అమెరికానుండి స్పెయినునకు చాకలేటు వచ్చినప్పుడు అది పానీయమా, ఆహారమా యను వివాదము లేచెను. 1636లో లియోన్ పినేలో అను న్యాయవాది ఈ ఒక్క ప్రశ్నమీదనే పుస్తకము వ్రాసెను. 1664లో బ్రాంకాచో అను కార్డినలు నీటితో కలిపిన చాకలేటు పానీయమే యని నిర్ణయించి గ్రంథము ప్రకటించెను. ఏకాదశినాడు ఏ దుంప తినవచ్చును, ఏ పప్పు తినరాదు అని మన శాస్త్రులు తర్కించుట విన్నవారికి ఈ వాదములు ఆశ్చర్యము కలిగింపవు.

ఇప్పుడు బెస్తల కథకు వత్తము. పోపుగారు చేయలేదన్న పని మరియెవరు చేసిరి? ఇంగ్లండు పార్లమెంటు చేసినది! పోపుగారి అధికారమును త్రోసివేసిన ప్రొటెస్టంటు ఇంగ్లండే! 1534లో ఎనిమిదవ హెన్రీ రాజు రోముతో తెగతెంపులు చేసికొనెను. పాత ఉపవాసములు సడలగా చేపల వాడుక తగ్గినది. చేపలు పట్టువారు తగ్గినచో నావికులు దొరకరు. నావికులు లేనిచో యుద్ధనౌకలు కదలవు. కనుక ఎడ్వర్డు రాజు కాలమున 1548–49లో శుక్ర శనివారములును తపస్సుకాలమును మాంసము మానవలెనని శాసనము చేసిరి. 1563లో ఎలిజబెత్తు రాణి మంత్రియగు విలియం సెసిలు ప్రోద్బలముచే బుధవారమును గూడ చేర్చిరి. ఆ దినము తిన్నవానికి మూడు పౌనుల జుల్మానా, లేదా మూడు నెలల చెరసాల. జనులు దీనికి సెసిలు ఉపవాసమని పేరు పెట్టి సణుగుకొనిరి.

ఆ శాసనమున మరియొక వింత కలదు. ఈ చేపదినములు ఆత్మరక్షణకొరకు అవసరమని ఎవడైన బోధించినయెడల, అబద్ధపు వార్తలు పుట్టించువానినివలె శిక్షింపవలెనని అందే వ్రాసిరి. ఇది నావికాబలమునకును, పశుసంపద వృద్ధికిని ఏర్పడిన రాజకీయ నియమమేగాని దేవుని ఆజ్ఞ కాదని ప్రజలకు స్పష్టముగా తెలియవలెనని వారి కోరిక. బుధవారపు నియమము 1585లో రద్దయ్యెను. కావున చేపల వ్యాపారముకొరకు ఉపవాసము పెట్టినవారున్నమాట నిజమే. వారు పోపుగారు కారు, పోపుగారి విరోధులు. ఒకరు చేసిన పని మరియొకరి తలకు చుట్టుట లోకమున క్రొత్త కాదు. ఊరిలో ఏదైన పుకారు పుట్టినప్పుడు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

అయినను ఉపవాసము వలన వ్యాపారము పెరుగలేదని చెప్పజాలము. నియమమునకు లాభము కారణము కాకపోవచ్చును. నియమమును లాభము వెంబడించును. మధ్యయుగమున ఏడాదిలో మూడవవంతునకు తక్కువకాని దినములు మాంసవర్జితములుగా నుండెను. నార్వే చలిగాలిలో ఉప్పు లేకుండ ఎండిన కాడ్ చేపలు జర్మను వర్తకుల నావలపై దేశదేశములకు పోయినవి. ఉప్పులో ఊరిన హెరింగు చేపలు పీపాలకొలది బీదవాని గుడిసెకు చేరినవి. బొహీమియాలో, అనగా నేటి చెక్ దేశమున, మన బొచ్చెకును శీలావతికిని చుట్టమైన కార్పు చేపను పెంచుటకు గొప్ప చెరువులు త్రవ్విరి. 1584 మొదలు 1590 వరకు యాకుబ్ క్రచీను పర్యవేక్షణమున ఏర్పడిన రోజ్మ్‌బెర్కు చెరువు ఇంచుమించు 1,200 ఎకరములు. నేటికిని అందు చేపలు పట్టుచున్నారు. ధనికుడు తాజా చేపలను బాదముపాలలో వండించుకొని, సుగంధద్రవ్యములు చల్లుకొని ఉపవసించెను. బీదవాడు నలువది దినములు ఉప్పుచేపను, బటాణీల గంజిని మ్రింగి ఉపవసించెను. ఇద్దరును శాసనమును పాటించినవారే. ఇద్దరును ఒక్కటియే చేసిరా?

మన దేశమునకు వచ్చినచో ఈ ప్రశ్న మరింత పదునెక్కును. కేరళమునందలి తోమా క్రైస్తవులు పోర్చుగీసువారు రాకముందునుండియు తూర్పు సంప్రదాయమును అనుసరించిరి. ఈస్టరుకు ముందు ఏబది దినముల నోన్పులో వారు మాంసమునేగాక చేపను, గ్రుడ్లను, పాలను గూడ వర్జించిరి. వచ్చిన పోర్చుగీసువారు చేపలు తినుచు ఉపవాసమనుట చూచి వారికి ఎట్లు తోచియుండునో ఊహింపవచ్చును. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నొబిలి అను ఏసుసభ గురువు మాంసమును, చేపను, మద్యమును విడిచి, కాషాయము ధరించి, శాకాహారముతో జీవించెను. ఆ మార్గమునే పదునెనిమిదవ శతాబ్దపు ఆదిలో ఫ్రెంచి ఏసుసభ గురువులు కర్ణాటక మిషను పేర తెలుగు దేశమునకు తెచ్చిరి. పుంగనూరు, కృష్ణాపురము మొదలగు చోట్ల వారు సన్న్యాసుల వేషమున, అన్నము, కూరలు, పాలతో కాలము గడపిరి. శుక్రవారము మాత్రమే కాదు, ఏడాది పొడుగునను మాంసము ముట్టని జీవితము వారిది. తమ నియమము కోరినదానికంటె తామున్న దేశపు మర్యాద కోరినది హెచ్చుగా నుండుట వారు చూచిరి.

మరియొక సంగతి. పండుగనాడుగాని మాంసమును చూడని కూలివానికి మాంసత్యాగము ఏమి త్యాగము? ఈ మాటను రోమునందలి పెద్దలును చివరకు గ్రహించిరి. 1966 ఫిబ్రవరి 17వ తేదీన ఆరవ పాలు పోపుగారు ప్రకటించిన శాసనముచే పాత నియమములు చాలవరకు సడలినవి. ఒక్కపొద్దు విభూది బుధవారమునకును, పవిత్ర శుక్రవారమునకును పరిమితమైనది. మాంసత్యాగమునకు బదులు ఇతర తపఃక్రియలను, దానధర్మములను ఏర్పరుచు అధికారము ఆయా దేశముల బిషపులకు లభించినది. సంపదగల దేశములవారు నిగ్రహమును చూపవలెననియు, బీదదేశములవారు తమ కష్టమునే దేవునికి అర్పించి, న్యాయమునకై పాటుపడవలెననియు అందు సూచింపబడినది. 1983 నాటి ధర్మశాస్త్ర సంహిత ప్రకారము మాంసత్యాగము పదునాలుగేండ్లు నిండినవారికి. ఒక్కపొద్దు పదునెనిమిదేండ్లు నిండినది మొదలు అరువదియవ ఏడు ప్రవేశించువరకు మాత్రమే. అనగా మీవంటి పెద్దలకు శాసనము సెలవిచ్చినది. అయినను మానని పెద్దలే పల్లెలలో హెచ్చు.

ఈ పదునెనిమిది వందల యేండ్ల కథలో మనకు పనికివచ్చునదేమి? నియమము స్మరణమునుండి పుట్టును. అధికారము దానిని బిగించును. ధనము దానిని కొనజూచును. యుక్తి దానిని తప్పించుకొనజూచును. రాజ్యము దానిని తన పనికి వాడుకొనును. ఇంతమంది చేతులలో నలిగియు అది చావలేదు. ఏల? నోరు కట్టుకొనినప్పుడు మనుష్యునకు ఆకలి యననేమో తెలియును. ఆకలి తెలిసినవానికి పొరుగువాని ఆకలియు తెలియును. ఈ ఎరుక ఏ మతమునకును సొంతము కాదు.

రెండవ శతాబ్దమున రోమాపురిలో హెర్మాసు అను విశ్వాసి కాపరి యను పేర ఒక గ్రంథము వ్రాసెను. అతడు ఉపవాసమునకు చెప్పిన పద్ధతి మిక్కిలి సులభమైనది. ఉపవసించు దినమున నీవు తినదలచిన భోజనమునకు ఎంత ఖర్చగునో లెక్కకట్టుము. ఆ సొమ్మును విధవకో, అనాథకో, లేనివానికో ఇమ్ము అని దాని సారము. చేప మాంసమా కాదా, చాకలేటు పానీయమా ఆహారమా యను ప్రశ్నలేవియు ఆ లెక్కయెదుట నిలువవు. వెన్న అనుజ్ఞకు వెలకట్టిన కాలమునకు పదమూడు వందల యేండ్లకు ముందే ఆ లెక్క వ్రాయబడియుండెను.

మీ ఊరిలో ఈసారి ఏకాదశి వచ్చినను, రంజాను వచ్చినను, విభూది బుధవారము వచ్చినను, ఉపవాసము నున్నవాని పళ్లెరములో ఏమున్నదని తొంగిచూడకుడు. ఆనాడు మిగిలిన పిడికెడు గింజలు ఎవరి యింటికి పోయినవో విచారింపుడు. ఉపవాసము ఫలించినదో లేదో అచ్చట తెలియును.